బీడ్ పరీక్షా, క్రాస్‌మ్యాచా: రెండిటికీ పొంతన కుదరనప్పుడు ఏది మేలు?

అవయవ మార్పిడికి ముందు గ్రహీత సీరమ్‌లో దాత హెచ్‌ఎల్‌ఏ (కణాల పైన ఉండే గుర్తింపు ప్రోటీన్లు) మీద యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూడడానికి మూడు పరీక్షలున్నాయి: సీడీసీ క్రాస్‌మ్యాచ్, ఫ్లో క్రాస్‌మ్యాచ్, బీడ్ పరీక్ష. పాతది సీడీసీ. దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), గ్రహీత సీరమ్, కుందేలు కాంప్లిమెంట్ (యాంటీబాడీ అతుక్కున్న కణాన్ని చంపే రక్త ప్రోటీన్లు) కలిపి ఎన్ని కణాలు చచ్చాయో చూస్తారు. తక్కువ మోతాదు యాంటీబాడీ దీనికి అందదు. పైగా రోగి సొంత కణాల మీదే పనిచేసే ఐజీఎం రకం ఆటోయాంటీబాడీ ఉన్నా పాజిటివ్ అంటుంది. సీరమ్‌కి డీటీటీ అనే రసాయనం కలిపి మళ్లీ పెడితే ఐజీఎం విరిగిపోయి ఆ గుట్టు బయటపడుతుంది.

సున్నితత్వంలో సింగిల్ యాంటిజెన్ బీడ్ పరీక్షదే (ఒక్కో పూసకీ ఒక్కో హెచ్‌ఎల్‌ఏ యాంటిజెన్ అతికించి చూసేది) పైచేయి. యాంటీబాడీ ఏ యాంటిజెన్ మీదో పేరుతో సహా చెబుతుంది. తంటా అంతా ఎంఎఫ్‌ఐ (బీడ్ వెలుగు తీవ్రత) అంకెతోనే. దాన్ని టైటర్ (యాంటీబాడీ మోతాదు కొలత) అనుకుంటే దెబ్బతింటాం. యాంటీబాడీ మరీ బలంగా ఉంటే సీరమ్‌లోని కాంప్లిమెంట్ ముక్కలు బీడ్ మీద పేరుకుపోయి, ఐజీజీ రకం యాంటీబాడీని గుర్తించే రంగు యాంటీబాడీకి చోటివ్వవు. 20,000 దాటాల్సిన బీడ్ 1,500 దగ్గర ఆగి అమాయకంగా కనిపిస్తుంది. ఇదే ప్రోజోన్. దీనికి విరుగుడు ఈడీటీఏ అనే రసాయనం. కాల్షియాన్ని లాగేసుకుంటుంది కాబట్టి కాంప్లిమెంట్‌లో మొదటిదైన సీ1 నిలవదు. 1:10 పలుచన చేసినా అడ్డు తొలగుతుంది గానీ, బలహీనమైన యాంటీబాడీలు కూడా మాయమవుతాయి. అందుకే ప్రతి సీరమ్‌కీ ఈడీటీఏ, అంకె పైమెట్టుకు చేరి కదలకపోతే పలుచన: మా మొగ్గు ఇటే.

తిరకాసు ఇంకోవైపూ ఉంది. రక్తం ఎక్కించుకోని, ఇంతకుముందు మార్పిడి జరగని మగ రోగికి ఒక్క బీడ్ మీద 4,000 వచ్చిందనుకోండి. బీడ్‌కి అతికించేటప్పుడు ఆకారం చెడిన యాంటిజెన్‌ని ఆ యాంటీబాడీ పట్టుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు ఫ్లో క్రాస్‌మ్యాచ్ (దాత కణాలకు గ్రహీత యాంటీబాడీ అతుక్కుందో లేదో రంగు వెలుగుతో చూసే పరీక్ష) నెగటివ్ వస్తే ఫ్లో మాటే వినాలి. బీడబ్ల్యూ4 లాంటి, చాలా హెచ్‌ఎల్‌ఏలకు ఉమ్మడిగా ఉండే ఎపిటోప్ (యాంటీబాడీ అతుక్కునే చోటు) మీద యాంటీబాడీ అయితే అది చాలా బీడ్ల మీదికి చెదిరిపోయి ఒక్కో అంకె చిన్నదవుతుంది. దాత కణం మీద మాత్రం అంతా ఒక్కచోటే కూడుకుంటుంది. ఇక్కడా ఫ్లోదే గెలుపు.

అలాగని ఫ్లోని గుడ్డిగా నమ్మలేం. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు తీసుకున్నవారిలో ఆ మందే బి కణాల మీది సీడీ20 ప్రోటీన్‌కి అతుక్కుని పాజిటివ్ చూపిస్తుంది. ప్రోనేజ్ అనే ఎంజైమ్‌తో సీడీ20ని కోసేయొచ్చు, కానీ మోతాదు మీరితే హెచ్‌ఎల్‌ఏ కూడా తరిగిపోతుంది. కాబట్టి రిపోర్టు చదివే ముందు రోగి మందుల చీటీ, సీరమ్ తీసిన తేదీ పక్కన పెట్టుకోండి. ఆ తేదీ తర్వాత రక్తం ఎక్కించి ఉంటే, రెండు నుంచి నాలుగు వారాలు ఆగి తాజా సీరమ్‌తో మళ్లీ చూడాలి.