బ్లాక్ యారో జాడలు: హై డౌన్ మేలా, ఊమెరా మేలా?

బ్రిటన్ సొంత రాకెట్‌తో కక్ష్యలోకి పంపిన ఉపగ్రహం ఒకే ఒక్కటి, ప్రాస్పెరో. 1971 అక్టోబరు 28న బ్లాక్ యారో రాకెట్ దాన్ని మోసుకెళ్లింది. ఆ రాకెట్ జాడ చూడాలనుకునేవారికి రెండు చోట్లున్నాయి. ఇంజిన్లను మండించి పరీక్షించిన హై డౌన్ ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఉంది. రాకెట్ ఎగిరింది మాత్రం ఆస్ట్రేలియా ఎడారిలోని ఊమెరా నుంచి.

ఎగిరిన చోటే చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అడిలైడ్ నుంచి సుమారు 450 కిలోమీటర్లు వెళ్లి, పింబా దగ్గర హైవే దిగితే ఊమెరా వస్తుంది. 1982 దాకా బయటివారికి ప్రవేశం లేని ఈ ఊళ్లో ఇప్పుడు మ్యూజియం ఉంది, ఆరుబయట రాకెట్లు, క్షిపణులు నిలబెట్టి ఉన్నాయి. అయితే బ్లాక్ యారో ప్రయోగవేదిక సైనిక నిషేధిత ప్రాంతంలో ఉంది. అనుమతి లేకుండా అక్కడికి వెళ్లలేం. ప్రాస్పెరోను మోసిన రాకెట్ మొదటి దశ ఎడారిలో పడి, అక్కడి విలియం క్రీక్ అనే చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి ఉండేది. 2019లో దాన్నీ బ్రిటన్‌కు తీసుకెళ్లిపోయారు. అంత దూరం వెళ్లి వేదికను చూడకుండా తిరిగి రావడం నాకైతే మనసొప్పదు.

హై డౌన్‌లో ఆ అడ్డు లేదు. చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే బ్రిటన్ సంస్థ చూసుకుంటున్న స్థలమిది. దీవి పడమటి కొసన ఉన్న ఆలం బే తీరం నుంచి కొండ మీదికి నడిచి వెళ్లాలి. గాలి విసిరికొడుతుంది. సుద్దకొండ చివర, సముద్రానికి ఎత్తున, రాకెట్‌ను నిలువునా బిగించి మండించిన కాంక్రీటు కట్టడం ఇప్పటికీ ఉంది. ఇనుప చట్రాలు పోయాయి, మంటను పక్కకు మళ్లించిన కాంక్రీటు వంపు మిగిలింది. ఆ వంపు దగ్గర కాసేపు ఆగండి. బ్లాక్ యారోలో వాడినవి హైడ్రోజన్ పెరాక్సైడ్, కిరోసిన్. వెండి పూసిన జల్లెడల గుండా వెళ్లగానే పెరాక్సైడ్ మరిగే ఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అందులో కిరోసిన్ కలిస్తే నిప్పు ముట్టించకుండానే అంటుకుంటుంది. మంట దాదాపు కంటికి కనిపించదు. చెవులు పగిలే మోత, దాని కింద పారదర్శకమైన మంట: ఈ కొండ మీద ఏళ్ల తరబడి జరిగింది అది.

ప్రభుత్వం 1971 జులైలోనే ఈ కార్యక్రమాన్ని రద్దు చేసింది. అప్పటికే రాకెట్ సిద్ధమైపోయినందువల్లే ఆ ఒక్క ప్రయోగాన్ని సాగనిచ్చారు. దానికి సరిగ్గా 19 రోజుల ముందు, అక్టోబరు 9న, మన శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ రోహిణి-125 ఎగిరింది. నెల్లూరు తీరంలో ఒక పని మొదలైన నెలలోనే ఆ దీవివాళ్ల పని ముగిసింది. హై డౌన్ గోడ మీద చెయ్యి వేసినప్పుడు నా మనసు ఈ లెక్క దగ్గరే ఆగింది.

అందుకే నా ఓటు హై డౌన్‌కే. ఆస్ట్రేలియాలో ఉంటున్నవారు, రాకెట్లను దగ్గరగా చూడాలనుకునే పిల్లలున్నవారు మాత్రం ఊమెరాకు వెళ్లండి, ఎండ ముదిరే డిసెంబరు, జనవరి నెలలు వదిలేసి. హై డౌన్‌లో భూగర్భ గదుల్లో రాకెట్ ప్రదర్శన ఉంది. వాతావరణం చెడితే మూసేస్తుంటారు కాబట్టి బయల్దేరేముందు కనుక్కోండి.