పరాయి పేరు మీద పని: అడీచే ‘అమెరికానా’

నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్గోజీ అడీచే నవల ‘అమెరికానా’ 2013లో వెలువడి, అమెరికాలో నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ వారి ఫిక్షన్ పురస్కారం అందుకుంది. దీన్ని ప్రేమకథ అన్నవారున్నారు, జాతి వివక్ష మీద రాసిన నవల అన్నవారూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే అయినా, వలస వెళ్లిన ఆఫ్రికన్ల అస్తిత్వం గురించి ఈ పుస్తకం చెప్పిన అసలు సంగతి అందులోని కాగితాల్లో, కార్డుల్లో ఉందని నా అభిప్రాయం. నాయికా నాయకులిద్దరూ పరాయి దేశంలో వేరొకరి పేరు మీద పని వెతుక్కుంటారు. ‘నేనెవరిని’ అన్న ప్రశ్న వారికి ముందుగా జీతం ఎవరి పేరున పడుతుందన్న లెక్కగానే ఎదురవుతుంది.

నాయిక ఇఫెమెలు, నాయకుడు ఒబింజె నైజీరియా మహానగరం లాగోస్‌లో చదువుకునే రోజుల్లో ప్రేమించుకుని, అదే దేశంలోని ఎన్‌సుక్కా విశ్వవిద్యాలయంలో చేరతారు. సైనిక పాలనలో అధ్యాపకులకు జీతాలు అందక, సమ్మెల మీద సమ్మెలు జరిగి, చదువు ముందుకు సాగదు. ఇఫెమెలు ఫిలడెల్ఫియా వెళ్తుంది. అమెరికా నవలలు చదివి అమెరికానే కలగన్న ఒబింజెకు మాత్రం 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఆ వీసా దక్కదు. నిజాయతీకి మారుపేరైన అతని ప్రొఫెసర్ తల్లి, అతన్ని తన పరిశోధన సహాయకుడిగా చూపించి బ్రిటన్‌కు వీసా ఇప్పిస్తుంది. వీరు యుద్ధం నుంచో కరువు నుంచో పారిపోయినవారు కారు, పూటకు లోటులేని ఇళ్లలో పుట్టి, ఉన్నచోట ఎదుగూ బొదుగూ ఉండదని నమ్మి బయలుదేరినవారు. ఎమ్మెస్ కోసం విమానమెక్కే మన పిల్లల సంగతి తెలిసిన పాఠకులకు ఈ భాగాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

నవలలో తక్కువ పేజీలు దక్కినా ఎక్కువ బలమున్నది లండన్ భాగం. వీసా గడువు తీరిన ఒబింజె, విన్సెంట్ అనే మరొకరి నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (బ్రిటన్‌లో ఉద్యోగికి ఉండాల్సిన గుర్తింపు సంఖ్య) మీద పనిచేస్తూ, సంపాదనలో వాటా అతనికి ముట్టజెబుతుంటాడు. గోదాములో తోటి కూలీలు ఒకరోజు అతన్ని చుట్టుముడతారు. గుట్టు రట్టయిందని అతను బెదిరిపోతాడు, కానీ వాళ్లు జరపబోయేది పుట్టినరోజు. ఆ తేదీ విన్సెంట్‌ది. తనది కాని పేరుతో పిలిచి, తనది కాని రోజున వాళ్లు చూపిన ఆప్యాయత అతన్ని నిజంగానే కదిలిస్తుంది. ఆ తర్వాత విన్సెంట్ వాటా 45 శాతానికి పెంచమంటాడు, ఒబింజె పట్టించుకోడు, యజమానికి ఎవరో ఫోన్ చేస్తారు. ఇంత చిన్న ఘట్టంలో చట్టవిరుద్ధ వలస బతుకంతా ఉంది. రచయిత్రి ఒక్క వాక్యం వ్యాఖ్యానంగా రాయకుండానే అది మనకు అందుతుంది.

ఇఫెమెలు కథలో ఇదే లెక్క ఒంటి మీదకు వస్తుంది. అరువు తెచ్చుకున్న సోషల్ సెక్యూరిటీ కార్డుతో (అమెరికాలో కొలువుకు అడిగే గుర్తింపు కార్డు అది) ఎక్కడా పని దొరక్క, అద్దె కట్టలేక, ఒక టెన్నిస్ కోచ్ ఇంట్లో వంద డాలర్లకు లొంగిపోయిన నాటి నుంచి ఆమె ఒబింజె ఉత్తరాలకు జవాబివ్వడం మానేస్తుంది. తర్వాత తెల్లవాడైన ప్రియుడి పలుకుబడితో ఒక ఉద్యోగం, దాంతోపాటు గ్రీన్‌కార్డు దారి కనిపిస్తాయి. ఇంటర్వ్యూకు జడల అల్లికతో వెళ్లవద్దని సలహా రావడంతో జుట్టు సాపు చేసే మందు పెట్టించుకుంటుంది. మాడు కాలి పుండ్లు పడతాయి, ఉద్యోగం మాత్రం వస్తుంది. జుట్టు, కొలువు, కార్డు ఒకదాని వెంట ఒకటి ఇలా ముడిపడిన తీరు చూశాక, అమెరికాలోని ట్రెంటన్ అనే ఊళ్లో జడలల్లే దుకాణంలో గంటల తరబడి ఆమెను కూర్చోబెట్టి, ఆమె జ్ఞాపకాలుగా నవల నడపడం అలంకారం కోసం కాదని తెలుస్తుంది.

ఆమె మేనత్త వరసైన ఉజు పాత్ర కూడా ఇంతే గట్టిది. డాక్టరైన ఉజు అమెరికాలో పరీక్షలు మళ్లీ రాస్తూ, తన పేరును అక్కడివారి నోటికి అనువుగా తానే మార్చి పలుకుతూ, కొడుకు డికేతో తమ మాతృభాష ఇగ్బోలో ఇఫెమెలును మాట్లాడనివ్వదు. నువ్వు నల్లవాడివి కావని వాడికి చెబుతుందే తప్ప మరి ఎవరో చెప్పదు. ఆ మౌనం ఖరీదు ఎంతో చివరి భాగాల్లో బయటపడుతుంది. పిల్లలు అయోమయపడతారని ఇంట్లో తెలుగు మానేసిన తల్లిదండ్రులకు ఈ పేజీలు కాస్త ఇబ్బందిగానే ఉంటాయి.

లోపాలు లేకపోలేదు. అమెరికా వర్ణవివక్ష మీద ఇఫెమెలు రాసే బ్లాగు టపాలు చురుగ్గానే ఉంటాయి గానీ, సన్నివేశం ఒకసారి చూపించిన దాన్నే అవి మళ్లీ విప్పి చెబుతాయి; కొన్నిచోట్ల రచయిత్రి నవలను పక్కనపెట్టి వేదికెక్కినట్టుంటుంది. ఇఫెమెలు తర్వాతి ప్రియుడు, ప్రొఫెసరైన బ్లేన్ మిత్రుల సంభాషణల్లో మనుషుల కన్నా వాదాలే ఎక్కువ వినిపిస్తాయి. ఒబింజె భార్య కోసికి అందం, భక్తి, భయం తప్ప మరో గుణం ఇవ్వకపోవడం అన్యాయం. ఆమెకూ ఒక మనసును ఇచ్చి ఉంటే ముగింపు ఇంత తేలిగ్గా దొరికేది కాదు. పదమూడేళ్ల తర్వాత లాగోస్ తిరిగొచ్చిన ఇఫెమెలు, ఊరిని చూసి ముక్కు విరిచే, తనలాగే విదేశాల నుంచి తిరిగొచ్చినవారి క్లబ్బులో తనను తాను పోల్చుకుని చిన్నబుచ్చుకునే అధ్యాయం మాత్రం మచ్చుకైనా ఉపన్యాసం లేకుండా, నవ్వు తెప్పిస్తూ సాగుతుంది.

ఇంగ్లీషు సరళమే. ఇగ్బో మాటలకు, పిజిన్ (నైజీరియాలో వాడే మిశ్రమ ఇంగ్లీషు) మాటలకు చాలాచోట్ల వివరణ ఉండదు, సందర్భాన్ని బట్టి గ్రహించుకోవాలి. ఉచ్చారణ దగ్గర తడబడేవారు నటి అజోవా ఆండో చదివిన ఆడియో పుస్తకం వినవచ్చు. లాగోస్, ఫిలడెల్ఫియా, లండన్ యాసలు ఎక్కడికక్కడ విడివిడిగా వినిపించాల్సిన నవల కనుక, అచ్చుప్రతి చదివినవారికి కూడా లండన్ భాగం వరకైనా అది ప్రయత్నించదగినది.