పెద్ద టర్బో వద్దన్న మేస్త్రీ

నా డీజిల్ పికప్‌కి పెద్ద టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే భాగం) వేయిద్దామని గాజువాక ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్లాను. అంతకుముందు వేరేచోట రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయిస్తే అనంతగిరి ఘాట్‌లో ఒకటే నల్లపొగ, వెనకొచ్చే బైకులవాళ్ల తిట్లు. ఇక్కడ మేస్త్రీ ముందు ఇన్‌టేక్ పైపు ఊడదీసి, టర్బోలో గాలిని నెట్టే కంప్రెసర్ వీల్‌ని వేళ్లతో కదిపి చూపించాడు. ప్లే (వదులు) బాగా ఉంది, రెక్కల అంచులు హౌసింగ్‌కి రాసుకుని మెరుస్తున్నాయి.

“మరీ పెద్దది వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో బండి లేవదు సార్. ఘాట్‌లో మీకు కావాల్సిందే ఆ తక్కువ ఆర్‌పీఎంలో లాగడం” అన్నాడు.

వీల్ కాస్త పెద్దదున్న వీజీటీయే (ఇంజిన్ వేగాన్ని బట్టి లోపలి రెక్కల కోణం మారే టర్బో) వేయించాను. ఆయిల్ ఫీడ్ పైపూ మార్చాడు. ఇప్పుడు 2000 ఆర్‌పీఎం దగ్గరే లాగుతోంది, పొగ తగ్గింది. చిరాకల్లా ఒకటే, 3 రోజులన్న పని 9 రోజులైంది. ఫోన్ చేస్తే ఎత్తరు. వెళ్తే మాత్రం టీ ఇస్తారు.