క్యాలరీల లెక్కా, కంచం మీద ధ్యాసా: ఏది మేలు?

మా అత్తగారు వేడివేడి ముద్దపప్పు వడ్డించబోతుండగా, ఒక్క నిమిషం ఆగమని చెప్పి, అన్నం కంచాన్ని వంటగట్టు మీదున్న చిన్న కాటా మీద పెట్టాను. ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి, "ఏమిటమ్మా ఇది, అన్నాన్ని కూడా బంగారంలా తూకం వేస్తున్నావు?" అన్నారు. అప్పటికి ఏడు నెలలుగా నేను తిన్న ప్రతి పదార్థాన్నీ ఫోన్‌లోని ఒక యాప్‌లో నమోదు చేస్తున్నాను. ఐదు కిలోలు తగ్గిన మాట నిజమే. నెయ్యి ఎన్ని చెంచాలు వేశారో ఆవిడను అడగలేక, ఆ పప్పును యాప్‌లో ఏ పేరుతో వెతకాలో తెలియక, అన్నం చల్లారిపోయేదాకా ఫోన్ చూస్తూ కూర్చున్న మాట కూడా అంతే నిజం. ఆ తరువాత లెక్క మానేసి, ధ్యాస పెట్టి తినడం నేర్చుకుంటూ ఏడాదిన్నర గడిపాను. రెండూ చేసి చూసిన అనుభవంతోనూ, ఈ విషయమై తెలిసిన శాస్త్రాన్ని పక్కన పెట్టుకునీ, ఏది ఎవరికి పనికివస్తుందో ఇక్కడ తూచి చూస్తున్నాను.

ముందు లెక్క సంగతి చూద్దాం. మనం వాడుకలో క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ, అంటే ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ మేర వేడెక్కించేందుకు కావలసిన శక్తి. పందొమ్మిదో శతాబ్దం చివరలో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ ఆహారపదార్థాల శక్తిని కొలిచి, మాంసకృత్తులకూ పిండిపదార్థాలకూ గ్రాముకు 4, కొవ్వుకు 9 చొప్పున సగటు విలువలు ఇచ్చాడు. ఇవాళ్టికీ బిస్కట్ ప్యాకెట్ మీద కనిపించే అంకెకు ఎక్కువగా ఆ సగటులే ఆధారం. సగటు అన్నాక తేడాలు తప్పవు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు బాదంపప్పు తినిపించి కొలిచినప్పుడు, 28 గ్రాముల బాదం నుంచి శరీరానికి అందినది సుమారు 129 క్యాలరీలేనని తేలింది. పాత లెక్క ప్రకారం అది 170 దాకా ఉండాలి. గింజలోని కొవ్వు కొంత అరగకుండానే బయటికి పోతుంది. పైగా అమెరికాలో లేబుల్ మీద రాసినదానికంటే 20 శాతం వరకు ఎక్కువున్నా నిబంధనలు తప్పుపట్టవు.

ప్యాకెట్ సరుకుకే ఇంత వెసులుబాటు ఉంటే, మన వంటింటి సంగతి చెప్పేదేముంది? వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 క్యాలరీలు ఉంటాయి. ఆ బియ్యమే ఎసరు ఎంత పోశామన్నదాన్ని బట్టి ఒకరోజు రెండున్నర రెట్లు, మరొకరోజు మూడు రెట్లు బరువు తూగుతుంది. కాబట్టి కంచంలోని అన్నాన్ని తూచితే తెలిసేది అన్నం సంగతి కాదు, అందులోని నీటి సంగతి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి. కందిపప్పుకూ గోంగూరకూ విడివిడిగా అంకెలు దొరుకుతాయి గానీ, మా ఇంటి గోంగూర పప్పులో పోపుకు ఎంత నూనె పడిందో ఏ పట్టికా చెప్పలేదు. అందరికీ కలిపి ఒకే గిన్నెలో వండి, గరిటెతో వడ్డించి, చేత్తో కలుపుకుని తినే భోజనాన్ని గ్రాముల్లో పట్టుకోవడం గాలిని మూట కట్టడం లాంటిదే. ఒక్కరే వండుకుని, ప్యాకెట్ల మీద ఆధారపడి బతికేవారికి లెక్క చాలా వరకు కుదురుతుంది. ఉమ్మడి గిన్నెకు కుదరదు.

అయినా లెక్కను ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం, ఎందుకంటే అది నేర్పే పాఠం ఒకటి ధ్యాసకు ఎన్నడూ అందదు. మాది నలుగురున్న ఇల్లు. ఐదు లీటర్ల నూనె డబ్బా సరిగ్గా నెలకు అయిపోయేది. ఐదు లీటర్లంటే సుమారు నాలుగున్నర కిలోలు. నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే దాదాపు 340 క్యాలరీలు, అంటే వంద గ్రాముల బియ్యంతో సమానం. కాగితం మీద ఈ గుణకారం వేసిన రోజున నేను నిజంగా తెల్లబోయాను, ఎందుకంటే మా ఇంట్లో వేపుళ్లు వారానికి రెండుసార్లకు మించి చేసుకోమనే నమ్మకంతో ఉన్నాను. వంకాయ కూరలో నూనె రెండు చెంచాలు ఎక్కువ పడితే నాలుకకు కూర బాగుందనే తెలుస్తుంది తప్ప ఎందుకు బాగుందో తెలియదు. కడుపుకు కూడా బరువులో పెద్ద తేడా కనిపించదు. ఎంత శ్రద్ధగా నమిలినా ఈ 340 బయటపడదు. అది అంకెల్లోనే కనిపిస్తుంది.

ఇంకొక సాక్ష్యం కూడా లెక్క పక్షానే ఉంది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకునే కొద్దిమందిని పరీక్షించి 1992లో అమెరికా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, వారు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్లు తేలింది. వారు అబద్ధాలకోరులు కారు. కూర రుచి చూడటానికి నోట్లో వేసుకున్నదీ, పిల్లలు వదిలేసిన అట్టు ముక్కా ఎవరికి గుర్తుంటాయి?

ఇక ధ్యాస పెట్టి తినడం, ఈమధ్య మైండ్‌ఫుల్ ఈటింగ్ అని పిలుస్తున్నది. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ధ్యాన శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి, ఒకే ఒక్క ఎండుద్రాక్షను చూసి, తాకి, వాసన పీల్చి, నిదానంగా నమలడం. మనకు ఇది మరీ కొత్త కాదు. తొందరపడకుండా, మరీ సాగదీయకుండా, మాట్లాడకుండా, నవ్వకుండా, మనసు అన్నం మీదే ఉంచి తినమని చరక సంహిత చెప్పింది. పొట్టలో రెండు పాళ్లు అన్నానికీ ఒక పాలు నీటికీ ఇచ్చి నాలుగోది ఖాళీగా ఉంచమని అష్టాంగ హృదయం చెప్పింది. మాట్లాడకుండా నలుగురు తెలుగువాళ్లు భోజనం ముగించగలరా అన్నది వేరే ప్రశ్న. నా వరకు ఎండుద్రాక్ష కంటే ఆవకాయ అన్నం మొదటి ముద్ద మంచి పాఠంగా పనిచేసింది. మొదటి ముద్దకు కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు, ఆవపిండి వాసన, నెయ్యి కమ్మదనం వేటికవి విడిగా తెలుస్తాయి. ఆరో ముద్దకు అందులో సగం కూడా మిగలదు. ఆ తగ్గుదలను గమనించడమే ఈ పద్ధతి కీలకమని నాకు కొన్ని వారాలకు గానీ అర్థం కాలేదు. చేత్తో కలుపుకుని తినే అలవాటు దీనికి గొప్ప సాయం, ఎందుకంటే ముద్ద పరిమాణం, వేడి, మెత్తదనం నోటికంటే ముందు వేళ్లకే తెలుస్తాయి.

అయితే మన ఇళ్లలో ఈ పద్ధతికి ఎదురయ్యే అడ్డంకి టీవీ, ఫోన్ కంటే పాతది. దాని పేరు మొహమాటం. కడుపు నిండిందని తెలిసినంత మాత్రాన ఆపే స్వేచ్ఛ అందరికీ ఉండదు. పెళ్లి పంక్తిలో వద్దన్నకొద్దీ కొసరి వడ్డిస్తారు, చుట్టాలింట్లో వద్దంటే వంట నచ్చలేదనుకుంటారు, విస్తట్లో మెతుకు వదిలితే పెద్దలు ఊరుకోరు. దీనికి తోడు మన భోజనానికి ఒక వరుస ఉంది. పప్పు, కూర, పులుసో చారో, చివరికి పెరుగు. కడుపు చారు దగ్గరే చాలంటున్నా, పెరుగన్నం పడకపోతే భోజనం చేసినట్టే ఉండదు కాబట్టి మరో గుప్పెడు అన్నం పెట్టించుకుంటాం. ధ్యాస గురించి చెప్పే పాశ్చాత్య నిపుణులకు ఈ చిక్కు తెలియదు. నేను కనిపెట్టిన మార్గం చాలా చిన్నది: పెరుగుకు కావలసిన అన్నాన్ని మొదటే కంచంలో ఒక మూలకు జరిపి పెట్టుకోవడం, చారన్నాన్ని మానడం గానీ తగ్గించడం గానీ చేయడం. సగానికి సగం రోజులు ఇది పనిచేస్తుంది.

కంచంలో ఉన్నదేమిటన్న దాన్ని బట్టి కూడా ధ్యాస బలం మారిపోతుంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా శుద్ధి చేసి తయారైన ఆహారం, రెండు వారాలు మామూలు ఆహారం ఇచ్చి, కావలసినంత తినమంది. వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానమే అయినా, మొదటి రకం మీద ఉన్నప్పుడు వారు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. చిప్స్ ప్యాకెట్ ముందు కూర్చుని నిదానంగా నమలాలని నిశ్చయించుకోవడం ఎంత కష్టమో అందరికీ అనుభవమే. ఇంట్లోకి ఏం కొనాలన్నది తేల్చకుండా ధ్యాస ఒక్కదాన్నే నమ్ముకుంటే నిరాశే మిగులుతుంది.

బరువు విషయంలో రెండింటినీ పోల్చి చూసిన సమీక్షల ప్రకారం ధ్యాస పద్ధతి మామూలు డైట్‌ల కంటే ఎక్కువేమీ తగ్గించదు, ఇంచుమించు అంతే తగ్గిస్తుంది. తేడా కనిపించేది మనసు దగ్గర: దిగులుతోనో విసుగుతోనో తినడం, ఒక్కసారిగా ఆగకుండా తినేయడం తగ్గాలంటే ధ్యాసే మెరుగు. లెక్కలో ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి యాప్‌లో ఇంకా 180 మిగిలి ఉన్నాయని ఆకలి లేకపోయినా తిన్నాను, అంకె అయిపోయిందని ఆకలితో పడుకున్నాను కూడా. రెండూ తప్పేనని అప్పట్లో నాకు తోచలేదు.

కొందరికి మాత్రం ఈ తూకం వర్తించదు. ఇన్సులిన్ తీసుకునేవారు భోజనంలోని పిండిపదార్థాల లెక్క వదలకూడదు, మోతాదు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆకలి మందగించిన వృద్ధులు ఆకలి మాటే వింటే చిక్కిపోతారు. వారికి వేళ ప్రకారం పెట్టడమే సరైనది. తిండి విషయంలో ఒకప్పుడు తీవ్రమైన మానసిక ఇబ్బంది పడినవారిని అంకెల యాప్ దగ్గరకు కూడా రానివ్వకూడదని నా అభిప్రాయం. మిగిలినవారికి, ముఖ్యంగా ఇంటి వంట తినేవారికి, రెండు మూడు వారాలు శ్రద్ధగా లెక్క వేసి నూనె, చక్కెర, అన్నం, చిరుతిళ్లు ఎక్కడెక్కడ దాక్కున్నాయో కనిపెట్టి, ఆ తరువాత యాప్ తీసేసి ధ్యాసకు మారడమే మేలంటాను.

మా ఇంట్లో ఇప్పుడు మిగిలిన లెక్క ఒక్కటే. నూనె డబ్బా తెరిచిన తేదీని మూత మీద పెన్నుతో రాసిపెడతాను. కిందటిది నలభై ఒక్క రోజులు వచ్చింది.