అడాపలీన్ జెల్: మూడు నెలలు ఆగగలిగితేనే కొనండి

ముందే చెప్పేస్తున్నా, ఇది మూడు రోజుల్లో మొటిమలు పోగొట్టే మందు కాదు. అలా పోగొట్టే క్రీము కూడా వాడి చూశాను, దాని సంగతి కింద చెప్తాను. ఇది అడాపలీన్ 0.1 శాతం జెల్, 15 గ్రాముల చిన్న ట్యూబు. చాలా కంపెనీలు చేస్తున్నాయి, ఏ పేరుతో కొన్నా లోపల మందు అదే. నేను నాలుగు నెలలుగా వాడుతున్నాను, ఇది మూడో ట్యూబు.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఇంకా మొటిమలేంట్రా అని పెళ్ళిచూపుల ముందు మేనత్త అందరిలో అడిగేసింది. ఒంట్లో వేడి అని అమ్మ రోజూ సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది. ఎండాకాలం ఆ నీళ్లు హాయిగానే ఉంటాయి గానీ గడ్డం మీద చీము గడ్డలకి వాటితో సంబంధం లేదు. శనగపిండి, పసుపు, నిమ్మరసం అన్నీ అయ్యాయి. నిమ్మరసం మాత్రం దయచేసి వద్దు, మంట తప్ప ఏమీ మిగలదు.

తర్వాత మా వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు, రాత్రి రాసుకోండి సార్, మూడు రోజుల్లో చూడండి అన్నారు. నిజంగానే మూడో రోజుకి మొహం తేటగా అయింది, ఆఫీసులో కూడా అడిగారు. రెండు నెలలు వాడి ఆపాను. ఆపిన వారానికి మొహమంతా ఎర్రగా కందిపోయి, ముందు లేని చోట కూడా సన్నటి మొటిమలు ఒకే సైజులో లేచాయి, ఎండలోకి వెళ్తే చురుక్కుమనేది. ట్యూబు చూడగానే స్కిన్ డాక్టర్ గారికి అర్థమైపోయింది, అందులో స్టెరాయిడ్ ఉందట. ఇలాంటివి చాలావాటిని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నన్ను ఎవరూ చీటీ అడగలేదు, నేనూ ట్యూబు వెనక ఏం రాసుందో చదవలేదు. మొదటి నెల మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏమీ ఇవ్వలేదు, చర్మం కుదుటపడ్డాకే ఈ జెల్ రాశారు.

అసలు మొటిమ ఎలా వస్తుందో ఆయన రెండు నిమిషాల్లో చెప్పారు, అది తెలిస్తేనే ఈ జెల్ ఎలా రాయాలో తెలుస్తుంది. వెంట్రుక మొలిచే ప్రతి రంధ్రంలోకీ ఒక నూనె గ్రంథి తెరుచుకుంటుంది. హార్మోన్ల వల్ల అది ఎక్కువ జిడ్డు వదులుతుంది, రాలిపోవాల్సిన చర్మకణాలు ఆ జిడ్డుకి అతుక్కుని బిరడాలా మూసుకుంటాయి, లోపల బ్యాక్టీరియా పెరిగి వాచి చీము పడుతుంది. బ్లాక్‌హెడ్ కూడా ఈ బిరడాయే, మురికి కాదు, కాబట్టి ఎంత స్క్రబ్ చేసినా ఊడిరాదు. అడాపలీన్ పనిచేసేది ఈ బిరడా దగ్గరే. పైకి కనిపించే మొటిమ మీద చుక్క పెట్టి లాభం లేదు, రాబోయేవాటిని ఆపాలి, అందుకే మొహమంతా రాయాలి. అలాగని ఎక్కువ పూయకండి, మొత్తం మొహానికి బఠాణీ గింజంత చాలు. రాత్రి మొహం కడిగి, పూర్తిగా ఆరాక, కళ్ళు, ముక్కు పక్కలు, పెదాల మూలలు వదిలేసి రాసుకోవాలి.

పెదాల మూలలు నేను వదల్లేదు. ఐదో రోజు ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే భగ్గుమంది, కళ్ళలో నీళ్లు తిరిగాయి. గడ్డం చుట్టూ చర్మం పెసరపొట్టులా లేచింది. అప్పటినుంచి రోజు విడిచి రోజు, ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్. మూడో వారం మొటిమలు ఇంకా పెరిగాయి, చాలామంది ఇక్కడే పారేస్తారు, నేనూ పారేసేవాణ్ణే. ఎనిమిదో వారం నుంచి కొత్తవి తగ్గాయి, పన్నెండో వారానికి గడ్డం కింద ఒకటీ అరా తప్ప లేవు. మధ్యలో వే ప్రోటీన్, అంటే పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి, కూడా మానేశాను, ఇందులో దాని వాటా ఎంతో చెప్పలేను. తలకి కొబ్బరినూనె దండిగా పట్టించి పడుకునేవాళ్ళకి నుదుటి మీద వచ్చేవి వేరే లెక్క, ముందు అది ఆపి చూడండి.

పగటిపూటకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఇచ్చారు. మంచిదే, బ్యాక్టీరియాని చంపుతుంది, యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే మందుకి లొంగకుండా పోయే సమస్య దీనికి లేదు. కాకపోతే బట్టల రంగు తినేస్తుంది. అమ్మ మెరూన్ టవల్ మీద నారింజ మచ్చలు పడ్డాయి, ఆ టవల్ ఇప్పుడు బైక్ తుడవడానికి.

మైనస్‌లు కూడా ఉన్నాయి. మొటిమల వల్ల పడ్డ గుంటలు దీనితో పూడవు. మన చామనఛాయ మొహాల మీద మొటిమ మానాక మిగిలే నల్లమచ్చ పోవడానికి నెలలు పడుతుంది, సన్‌స్క్రీన్ ఎగ్గొడితే ఇంకా ఎక్కువ. లోతుగా, నొప్పిగా ఉండే గడ్డలకి ఈ జెల్ ఒక్కటే చాలదు, వాటికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఉంటాయి. అవి గర్భంతో ఉండగా వేసుకుంటే బిడ్డకి ప్రమాదం, డాక్టర్ లేకుండా అటువైపు చూడకండి. గర్భంతో ఉన్నవాళ్ళు, ప్లాన్ చేస్తున్నవాళ్ళు ఈ జెల్ కూడా వాడొద్దు. ఆడవాళ్ళకి పీరియడ్స్ కూడా సరిగ్గా రాకపోతే పీసీఓడీ, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో చూపించుకోవాలి. డాలస్‌లో మా కజిన్ ఇదే జెల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకుంటాడు, అమెరికాలో 2016 నుంచి అలా అమ్ముతున్నారు. మన దగ్గర చీటీతో కొనాల్సిన మందే.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఆ ఒక్కటీ మూడో వారానికి.