మిడ్ ప్రశ్నపత్రానికి ఏ ఏఐ సహాయకం మేలు: అన్నీ చెప్పేదా, మన నోట్సుకు కట్టుబడేదా?

ఇంజనీరింగ్ కళాశాలలో థర్మోడైనమిక్స్ చెప్పే నాకు, మిడ్ పరీక్షలకు ప్రశ్నపత్రం కూర్చి, ఒక్కో ప్రశ్న ఏ కోర్సు అవుట్‌కమ్‌కు (కోర్సు ముగిసేసరికి విద్యార్థికి రావాల్సిన సామర్థ్యానికి), గుర్తుంచుకోవడం నుంచి సృజన వరకు ఆలోచనను అంచెలుగా విభజించే బ్లూమ్ వర్గీకరణలోని ఆరు స్థాయుల్లో దేనికి చెందుతుందో రాసి ఇవ్వడం తప్పనిసరి పని. దీనికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ తరహా సహాయకాన్ని నేరుగా అడగడం. రెండోది, నోట్‌బుక్‌ఎల్ఎం వంటి సాధనంలో సిలబస్, నోట్సు, పాత ప్రశ్నపత్రాలు పెట్టి, వాటి నుంచే జవాబులు రాబట్టడం.

మొదటి రకం సహాయకాన్ని ఆవిరి విద్యుత్ కేంద్రాలకు మూలమైన రాంకిన్ సైకిల్ మీద లెక్కలు, వాటి సాధనలు అడిగి చూశాను. మెట్లన్నీ వరుసగా, చూడముచ్చటగా ఉన్నాయి కానీ, ఎంథాల్పీ (ఆవిరిలోని శక్తిని లెక్కించే రాశి) విలువలు ఆవిరి ధర్మాల ప్రామాణిక పట్టికలైన స్టీమ్ టేబుల్స్‌తో సరిపోలేదు. 10 బార్ల పీడనం వద్ద పొడి సంతృప్త ఆవిరి ఎంథాల్పీ కిలోకు సుమారు 2778 కిలోజౌళ్లు. నాకు వచ్చిన సాధనలో మరో సంఖ్య ఉంది, అదీ ఏ తడబాటూ లేని వాక్యంలో. టేబుల్ తెరిచి చూడకుండా దాన్నే స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌గా (మార్కులు వేయడానికి ఆధారమయ్యే నమూనా జవాబుగా) ఇచ్చి ఉంటే, సరిగ్గా చేసిన విద్యార్థికే మార్కులు పోయేవి. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది, ఎందుకంటే ఆ నష్టం జరిగిందని ఆ విద్యార్థికి కూడా తెలిసే అవకాశం తక్కువ.

రెండో రకంలో జవాబు పక్కనే చిన్న అంకె ఉంటుంది. దాన్ని నొక్కితే మన నోట్సులో ఆ విషయం ఉన్న చోటు కనిపిస్తుంది. ప్రశ్న సిలబస్ దాటిందా, చెప్పని పాఠం నుంచి వచ్చిందా అన్నది నిమిషాల్లో తేలిపోతుంది కనుక, ప్రశ్నపత్రానికి ఇదే మేలని నా నిర్ణయం. అయితే పాత పత్రాలే ఆధారమైతే 'నిర్వచించుము', 'వివరించుము' తరహా ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తాయి. విశ్లేషణ, మూల్యాంకన స్థాయి ప్రశ్నలను నేనే రాసుకుంటున్నాను. లెక్కల్లో ఇదీ పొరబడగలదు కాబట్టి, ప్రతి సాధననూ కాగితం మీద చేసి చూడాల్సిందే. విద్యార్థుల పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, మార్కులు మాత్రం రెండింటిలో దేనిలోనూ పెట్టకూడదు. అవి వాళ్ల వ్యక్తిగత సమాచారం, వాటిని బయటి సర్వర్లకు పంపే హక్కు మనకు లేదు.

అలాగని మొదటిదాన్ని పక్కన పెట్టలేదు. ఎంట్రోపీ పాఠానికి ముందు రోజు రాత్రి, వెనుక బెంచీ విద్యార్థిలా సందేహాలు అడగమంటే అది అడిగే ప్రశ్నలు నా పాఠాన్ని చాలాసార్లు సరిదిద్దాయి. మరో పనికీ అది బాగా అక్కరకొస్తుంది. డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారిలో, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు కొందరుంటారు. మూడు ఉపవాక్యాలతో సాగే ఆంగ్ల ప్రశ్న వాళ్లకు అర్థమయ్యేసరికే సమయం గడిచిపోతుంది. అందుకే పరీక్ష ముగిసిన పాత పత్రాల్లోని అలాంటి ప్రశ్నలను దానికిచ్చి, సంఖ్యలూ ప్రమాణాలూ మారకుండా చిన్న వాక్యాలుగా విడగొట్టించి చూస్తాను. కొత్త పత్రాన్ని ఆ పద్ధతిలో నేనే రాస్తాను.