వారం సెలవుకు కోపెన్‌హాగెనా, స్టాక్‌హోమా, హెల్సింకి–టాలినా: ఏది మేలు?

ఒక్క షెంగెన్ వీసాతో డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఎస్టోనియా నాలుగూ తిరగొచ్చు. అందుకే వారంలో నాలుగు రాజధానులూ చుట్టేద్దామని ఆశ పుడుతుంది. మొదటిసారి మేమూ అదే చేశాం. సూట్‌కేసు సర్దడం, విప్పడం తప్ప పెద్దగా గుర్తులేదు. రెండోసారి అమ్మను తీసుకెళ్లాం కాబట్టి నిదానంగా తిరిగాం.

ఒక్క ఊరికే వీలుంటే నా ఓటు స్టాక్‌హోమ్‌కు. 14 దీవుల మీద కట్టిన ఊరు, ఎటు నడిచినా కాసేపటికి నీళ్లు కనిపిస్తాయి. కానీ నేను ఓటేసేది వాసా మ్యూజియం కోసం. 1628లో తొలి ప్రయాణానికి బయలుదేరి, కిలోమీటరున్నర కూడా పోకుండానే మునిగిపోయిన యుద్ధనౌకే వాసా. పైన ఫిరంగుల బరువు ఎక్కువ, అడుగున బరువు చాలలేదు. గాలికి ఒరగగానే తెరిచి ఉన్న ఫిరంగి కంతల్లోంచి నీళ్లు లోపలికి వచ్చేశాయి. 1961లో పైకి తీశారు. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. 333 ఏళ్లు నీళ్లలో ఉన్నా ఓడ దాదాపు చెక్కుచెదరలేదు. దాని మీది శిల్పాలు చూసి అమ్మ, "ఇంత చెక్కినవాళ్లు బరువు చూసుకోలేదా?" అంది. అక్కడ మాకు పూట గడిచిపోయింది. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో టి-సెంట్రాలెన్ స్టేషన్ నీలం లైన్ ప్లాట్‌ఫారం చూడండి. రాతి గుహ లాంటి గోడల నిండా 1975లో వేసిన నీలి తీగల బొమ్మలు. దానికి వేరే టికెట్ అక్కర్లేదు.

కోపెన్‌హాగెన్ చూడ్డానికంటే తిరగడానికి బాగుంటుంది. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో పావుగంటలో ఊళ్లో ఉంటాం. నేల చదును, నడక సులువు. సైకిళ్ల దారిలో మాత్రం ఫోటోకు నిలబడకండి, వెనకనుంచి గంటల మోత మోగిపోతుంది. అందరూ పరుగెత్తే లిటిల్ మెర్మెయిడ్ (జలకన్య) విగ్రహం ఎత్తు 1.25 మీటర్లే. పాపం, ఆమె తప్పేం లేదు, మన ఊహలే పెద్దవి. ఆ సమయాన్ని రౌండ్ టవర్‌కు ఇవ్వండి. పైకి చాలావరకు మెట్లుండవు, చుట్టూ తిరుగుతూ వెళ్లే వాలుదారే. సాయంత్రం దీపాలు వెలిగాక 1843 నాటి టివోలి వినోద పార్కుకు వెళ్లండి. తిండి ఖర్చుకు మాత్రం గుండె రాయి చేసుకోవాలి. ఒక పూట సూపర్‌మార్కెట్ బ్రెడ్డు, పెరుగుతో గడిపేస్తే నయం. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా వెంట ఉంచుకోండి.

పర్సు చూసుకుంటే హెల్సింకి–టాలిన్ జంట మేలు. రెండు చోట్లా యూరోనే, మధ్యలో ఫెర్రీలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. హెల్సింకికి రోజున్నర చాలు. సుయోమెన్‌లిన్నా కోట దీవికి సిటీ టికెట్‌తోనే పడవ ఎక్కొచ్చు. వాన పడితే ‘ఓడి’ (Oodi) అనే లైబ్రరీలో కూర్చోండి, ప్రవేశం ఉచితం. టాలిన్‌కు చాలామంది పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తారు. అదే పొరపాటు. పగలు పాతబస్తీ నిండా ఓడల జనమే, రాత్రి ఉంటేనే ఆ సందుల అందం తెలుస్తుంది. అయితే అంతా రాళ్లు పరిచిన ఎగుడుదిగుడు బాట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మంచి బూట్లు తప్పనిసరి.

ఎటు వెళ్లినా జూన్ నుంచి ఆగస్టు దాకా సరైన కాలం. డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడింటికల్లా పొద్దు గుంకుతుంది.

అమ్మ ఓటు మాత్రం టాలిన్‌కే. టౌన్‌హాల్ ఎదుట 1422 నాటికే నడుస్తున్న మందుల షాపు ఒకటుంది. ఇప్పటికీ అక్కడ మందులు అమ్ముతారని తెలిసి, తలనొప్పి మాత్రలు కొంది. ఇంటికొచ్చాక తలనొప్పి చాలాసార్లు వచ్చింది గానీ, ఆ మాత్రలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.